లవెల్ వైపు బంతి వెయ్యరు

ఓడీల్ అక్క కొడుకు లవెల్ పుట్టాక మొదటి అడుగే వెనక్కి వేశాడంటే మా ఊరు డూసెట్ క్రాసింగ్‌లో కాదనేవాళ్లు లేరు. ఏడేళ్లప్పుడు ఫాంటెనో వాళ్ల కుక్క వెంటపడితే వీడు వెనక్కి తిరగలేదు. దాని మొహంలోకి చూస్తూ చర్చి దాకా వెనక్కే పరిగెత్తాడు. చివరికి కుక్కకే కళ్లు తిరిగి కూలబడింది. ఆ తర్వాత అది పిల్లిని కూడా తరమలేదు పాపం.

స్కూల్లో వాడి ఆశ వేరు. ఫుట్‌బాల్‌లో, అదే, కోలబంతిని చేత్తో విసిరి పట్టుకునే మా అమెరికా ఆటలో, బంతి పట్టేవాడు అవ్వాలని. చప్పట్లన్నీ వాళ్లకే కదా, ఆడపిల్లలు కూడా వాళ్ల వెనకే. కానీ లవెల్ చేతులు సబ్బు రాసుకున్నట్టుండేవి. బంతి తనంతట తాను వచ్చి ఒళ్లో కూర్చున్నా జారిపోయేది. స్కూలు కోచ్ చూసి చూసి, "ఒరేయ్, నీ చేతులు దేవుడు ప్రార్థనకే ఇచ్చాడురా. కాళ్లు మాత్రం నాకియ్యి" అని వాడిని కార్నర్ బ్యాక్‌గా నిలబెట్టాడు.

అదేం పనంటే, అవతలి జట్టులో బంతి పట్టడానికి పరిగెత్తేవాడికి బంకలా అంటుకుని ఉండటం. వాడు ముందుకు పరిగెడతాడు, మనవాడు వెనక్కి. ఎటు తిరగాలో వాడికి ముందే తెలుసు, మనవాడికి తెలీదు. రోజంతా అంటుకుని ఉంటే ఎవడూ చూడడు. ఒక్కసారి వదిలేస్తే మాత్రం దేశం మొత్తం చూస్తుంది. అలాంటి దిక్కుమాలిన ఉద్యోగం.

పెద్ద జట్లు కుర్రాళ్లను ఏరుకునే రోజులొచ్చాయి. ఓడీల్ అక్క బాతు స్నానం చేసేంత గిన్నెలో గంబో పులుసు వండి ఊరంతా పిలిచింది. మొదటి రోజు లవెల్ పేరు రాలేదు. రెండో రోజూ లేదు. మూడో రోజు గంబో అడుగంటి, చుట్టాలు సగంమంది మూతులు తుడుచుకుని బయల్దేరాక ఫోను మోగింది. ఆ జట్టు వాడిని ఏడాది తిరక్కుండానే తీసేసింది. రెండోదీ అంతే. మూడోది, ఉమ్మేస్తే నేల మీద పడేలోపు గడ్డకట్టే ఉత్తరాది ఊరి జట్టు, ఉంచుకుంది. అక్కడ ఎడమ పక్క కాపలా వాడిదే.

అసలు తంటా అక్కడే వచ్చింది. వాడు మరీ బాగా ఆడటం మొదలెట్టాడు. ఎంత బాగా అంటే, అవతలి జట్లవాళ్లు అటు బంతి విసరడమే మానేశారు. విసిరితే కదా టీవీలో పేరు చదివేది! దొంగలు రాని వీధిలో కాపలావాడిని ఎవరు పొగుడుతారు? ప్రతి ఆదివారం నా చేపల కొట్టులో ఊరంతా టీవీ ముందు కూర్చునేవాళ్లం. సాయంత్రానికి నా నూనె మూకుడు ఖాళీ అయ్యేది, మా లవెల్ పేరు మాత్రం వినపడేది కాదు.

అలా కొన్నేళ్లు గడిచాక అదే జట్టులోకి కుడి పక్క కాపలాకి మా ఊరి కెర్విన్ బటీస్ట్ వచ్చాడు. ఓడీల్ అక్క ఇంటికి మూడిళ్ల అవతలవాడు. లవెల్ పాత బూట్లు వేసుకుని ఆట నేర్చినవాడు. ఎడమ పక్క గోడ ఉందిగా, మరి బంతులన్నీ ఎటెళ్తాయి? కెర్విన్ మీదకే. సగం వాడి నెత్తి మీంచి పోయేవి. కానీ నాలుగు పోతే ఒకటి మధ్యలో లాక్కుని, పూనకం వచ్చినట్టు గంతులేసేవాడు. టీవీవాళ్లు వెర్రెత్తి అరిచేవాళ్లు, "కెర్విన్ బటీస్ట్! కెర్విన్ బటీస్ట్!"

ఓడీల్ అక్క గరిటె టీవీ మీదకి విసిరింది. "నా కొడుకు పేరు ఒక్కసారి పలికితే ఆ సచ్చినోడి నాలుక అరిగిపోద్దా?"

"టీవీ నాదక్కా," అన్నాను.

"నీ టీవీకీ సిగ్గు లేదు!"

ఆ శరదృతువులో వాళ్లకి ఆట లేని వారం మా స్కూలు ఊరేగింపు పడింది. టాపు లేని ఎర్ర కారులో కెర్విన్‌ని నిలబెట్టారు. బండి నడిపేవాడికి కాలు బెణికితే, లవెల్ మొహమాటపడి స్టీరింగు పట్టుకున్నాడు. చర్చి మలుపులో ఓ ముసలావిడ కిటికీలోకి వంగి, "బాబూ, కెర్విన్ దగ్గర ఎన్నాళ్లుగా చేస్తున్నావు?" అని అడిగింది. లవెల్ పళ్లు కొరుకుతూనే ఇకిలించాడు. ఆ పళ్ల చప్పుడు నాకు వీధి అవతలికి వినపడిందంటే నమ్మండి.

వాడికప్పుడు ముప్పై దాటింది. ఆ ఆటలో ముప్పై అంటే చేతికర్ర వయసే. కాంట్రాక్టు ఆ ఏడాదితో ఆఖరు. జట్టు కోచ్ వాడిని గదిలోకి పిలిచి, "లవెల్, నీ పక్కకి ఎవడూ బంతి వెయ్యడు. నేను నీకు జీతమిచ్చేది అందుకే. ఈ ఏడాది ఇలాగే నిశ్శబ్దంగా దాటించు, ఇంకో నాలుగేళ్లకి సంతకం పెట్టిస్తా" అన్నాడట. ఇంతకన్నా ఏం కావాలి చెప్పండి? నోరు మూసుకుని నిలబడితే చాలు, నాలుగేళ్లు పండగ. కానీ కుళ్లు కడుపులో చేరాక సంతకం రుచిస్తుందా?

ఒక ఆటలో లవెల్ కావాలనే కాలు ఈడ్చాడు. మడమ పట్టేసినట్టు మొహం పెట్టి, తను కాయాల్సినవాడికి బారెడు చోటు వదిలేశాడు. అవతల బంతి విసిరేవాడు ఆ చోటు చూసి లొట్టలేశాడు. విసిరాడు. లవెల్ చిరుతలా దూకి ఆ సబ్బు చేతుల్తోనే, గుండెకేసి అదిమి పట్టేశాడు. అంతే, టీవీ మొత్తం వాడి పేరే. ఓడీల్ అక్క కుర్చీలోంచి పడింది. పడ్డచోటే పడుకుని దేవుడికి దణ్ణం పెట్టింది. ఆ వారం ఆవిడ కూరలు కొనడానికి కూడా వాడి జెర్సీ వేసుకునే వెళ్లింది.

కోచ్ మాత్రం నవ్వలేదు. "అది అదృష్టం కాదు, గాలం వేశావు. ఇంకోసారి వెయ్యకు."

"అలాగే సార్."

అలాగే సార్ అన్న నోటికి తేనె రుచి తగిలింది మరి.

ఆఖరి ఆట వచ్చింది. గెలిస్తే జట్టు ముందుకెళ్తుంది, ఓడితే ఇంటికి. మనవాళ్లు నాలుగు పాయింట్లు పైన ఉన్నారు. నిమిషం లోపే మిగిలింది. కెర్విన్ అప్పటికే ఒకటి లాక్కుని గంతులేసి ఉన్నాడు. అది కళ్ల ముందు మెదులుతుంటే లవెల్ కాళ్లు ఊరుకుంటాయా? మళ్లీ బారెడు చోటు వదిలాడు. నా కొట్టులో చేప ముక్క నోటి దగ్గర పెట్టుకున్నవాళ్లు అలాగే ఆగిపోయారు.

"వద్దురా నాయనా," అంది ఓడీల్ అక్క, టీవీతో. "అంటుకో. వాడికి అంటుకో."

అవతలివాడు నాలుగడుగులు వేసి, బంతి ఇక్కడే వస్తుందన్నట్టు ఆగి తిరిగాడు. లవెల్ దూకాడు. దూకగానే వాడు పక్కనుంచి జారుకుని లగెత్తాడు. బంతి మావాడి నెత్తి మీంచి తాపీగా, పెళ్లికెళ్తున్నట్టు వెళ్లింది. టచ్‌డౌన్, ఒక్క దెబ్బకి ఆరు పాయింట్లు. ఆట అయిపోయింది.

ఆ వారమంతా టీవీలో లవెల్ పేరు చెప్పారు. పొద్దున చెప్పారు, మధ్యాహ్నం చెప్పారు, వాతావరణం చెప్పేవాడు కూడా చెప్పాడు. ఓడీల్ అక్క ఇంట్లో టీవీ మీద దుప్పటి కప్పేసింది.

సంతకం ఎలాగూ లేదు. ఇంకో జట్టు ఫోనూ రాలేదు. లవెల్ ఇంటికొచ్చి మేనమామ చెరువుల్లో ఎర్రరొయ్యల బుట్టలు ఎత్తే పనిలో చేరాడు. ఎవరైనా ఆ ఆట సంగతి ఎత్తితే, "రొయ్యలు కావాలా, కబుర్లు కావాలా?" అనేవాడు.

మళ్లీ సీజను మొదలైంది. లవెల్ చోటులో లేత కుర్రాడొకడు వచ్చాడు. అవతలి జట్లన్నీ వాడి మీద పడ్డాయి. ఎడమ పక్క మెత్తగా దొరికితే కుడి పక్కకి ఎవడు విసురుతాడు? కెర్విన్ వైపు బంతి రావడం ఆగిపోయింది. ఆ లేతగాడికి మాత్రం పోయేవి పోగా దొరికేవి దొరికాయి. నవ్వితే బుగ్గన సొట్ట కూడానట. టీవీ వాడిని నెత్తికెక్కించుకుంది. ఆ ఏడు ఊరేగింపుకి కెర్విన్‌ని పిలవడం మా స్కూలువాళ్లకి గుర్తే రాలేదు.

ఒక మధ్యాహ్నం లవెల్ నా కొట్టులో తింటుంటే ఫోను మోగింది. చేతులకి నూనె ఉందని, అందరికీ వినపడేలా ఆన్ చేసి బల్ల మీద పెట్టాడు. కెర్విన్.

"అన్నా, కోచ్ అడగమన్నాడు. ఈ పిల్లోడికి నీ పని నేర్పడానికి వస్తావా? జీతం తక్కువేలే. వీడు మనిషిని వదిలేసి బంతి కోసం దేవులాడతన్నాడు."

"ఎన్ని పట్టాడేంటి?"

"ఆరు."

లవెల్ నమలడం ఆపాడు. ఓడీల్ అక్క గల్లాపెట్టె దగ్గర నిలబడి, ఒప్పుకోమని కళ్లతో సైగ చేస్తోంది. మళ్లీ ఆ గడ్డి మీద నిలబడే దారి వాడికి ఇదొక్కటే మిగిలిందని కొట్టులో అందరికీ తెలుసు.

"నేను రానురా," అన్నాడు లవెల్. "వస్తే నేర్పను. ఆరు పట్టినోడిని కాలడ్డం పెట్టి పడేస్తా. నా సంగతి నాకు తెలుసు."

ఎవరూ నవ్వలేదు.

"అన్నా, నేను నిన్ననే వాడి బూటు లేసులు కోసేద్దామనుకున్నా. కత్తెర కూడా తెచ్చుకున్నా."

"కోశావా?"

"వాడే చూసి, 'కత్తెర ఓసారి ఇస్తావా అన్నా, గోరు విరిగింది' అన్నాడు. ఇచ్చేశా."

లవెల్‌కి నవ్వొచ్చింది. ముక్కులోంచి మిరియాలు వచ్చేదాకా నవ్వాడు. అటు కెర్విన్ కూడా. ఒకే ఊళ్లో పుట్టి, ఒకే జట్టులో ఆడి, వీళ్లిద్దరూ కలిసి నవ్వడం నేను విన్నది అదే మొదలు.

"రా అన్నా," అన్నాడు కెర్విన్. "ఒక్కణ్ణే కుళ్లుకోలేక చస్తన్నా. ఇద్దరం కలిసి ఏడుద్దాం."

"సంచి సర్దనా?" అంది ఓడీల్ అక్క.

"మందపాటి కోటు పెట్టమ్మా," అన్నాడు లవెల్, చెయ్యి తుడుచుకుంటూ. "అక్కడ చలి."