మస్తానన్న చెడగొట్టని కంప్యూటర్

మస్తానన్న లేడు.

నిన్న పొద్దున దోసెలు పోస్తుంటే పిన్ని ఫోన్ చేసింది. "మేయ్, కంప్యూటర్ మస్తాన్ పోయినాడంటమే. గుండె నొప్పంట. ఆస్పత్రికి తీసకపోయేలోపలే అయిపోయినాడంట."

పెనం మీద దోసె మాడిపోయింది. స్టవ్ ఆపాలని కూడా తోచలేదు.

"ఏ మస్తాన్?" అని అడిగాను. అల్లూరులో మస్తాన్‌లు చాలామంది. వేరే ఎవరైనా అయితే బాగుండు అనుకున్నాను. ఛీ, అదీ ఒక కోరికేనా!

అరగంటలో ఊరి వాట్సాప్ గ్రూపు నిండా పువ్వులు, దండాలు. "గొప్ప టెక్నీషియన్." "బంగారం లాంటి మనిషి." "మన ఊరికి తీరని లోటు."

చదువుతుంటే రోత పుట్టింది.

మూడేళ్ల క్రితం ఇదే గ్రూపులో ఇదే మనుషులు "వాడి చేతికిస్తే మిషన్ చచ్చినట్టే" అని నవ్వుకున్నారు. కాస్త పైకి స్క్రోల్ చేస్తే ఇంకా ఉంది. డిలీట్ చేసే సిగ్గు కూడా లేదు ఎవరికీ.

తెలియని ఫ్రెండ్స్ కోసం చెప్తున్నా. మస్తానన్నకి షాపు లేదు. పాత బండి, భుజానికి బ్యాగు. అల్లూరు నుంచి బోగోలు దాకా ఇంటింటికీ తిరిగి పాత కంప్యూటర్లు బాగుచేసేవాడు. షాపుకి తీసుకెళ్తే "ఇది చెత్త మేడం, కొత్త సిస్టమ్ దీనికి ఎక్కదు, ఇంకోటి కొనుక్కోండి" అంటారు చూడండి, మూత కూడా తీయకుండా! అలాంటివన్నీ ఆయన దగ్గరికే వచ్చేవి.

ఆయన పని చేసే తీరే వేరు. ముందు మన ఫోటోలన్నీ తన హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేసేవాడు. నాలుగు తెరిచి మనకి చూపించేవాడు. "అమ్మ కనపడతా ఉందా? అక్క పెళ్లి కనపడతా ఉందా?" మనం ఊఁ అంటేనే మిగతా పని.

ప్రింటర్‌కి, సౌండ్‌కి పనికొచ్చే పాత డ్రైవర్ సాఫ్ట్‌వేర్లు కూడా పారేసేవాడు కాదు. వాటిని ఒక ఫోల్డర్‌లో దాచి, ఏది ముందు వేయాలో, ఏది తర్వాతో ఒక పాత శుభలేఖ వెనక రాసి, కంప్యూటర్ క్యాబినెట్ లోపల అంటించేవాడు. "కొత్తది సరిపడకపోతే ఎనక్కి రావాల గదా చెల్లెమ్మా" అనేవాడు.

ఇక అసలు విషయం.

మూడేళ్ల క్రితం మా ఇంటి కంప్యూటర్‌కి కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ వేయడానికి వచ్చాడు. సరిగ్గా ఆయుధపూజ రోజు. అప్‌డేట్ మొదలుపెట్టి, రెండు గంటలు పడుతుందని చెప్పి, బోగోలులో ఇంకో పని ఉందని బయలుదేరాడు. గడప దగ్గర ఆగి నాన్నతో అన్నాడు. "పూజ చేసుకోండి సార్, బొట్టు పెట్టుకోండి, కొబ్బరికాయ కొట్టుకోండి. స్విచ్ మాత్రం ముట్టుకోబాకండి."

మా ఇంట్లో ఆరోజు ట్రాక్టర్, రొయ్యల గుంటల మోటార్లు, ఆఖరికి మిక్సీ కూడా ఆపి, తుడిచి, బొట్టు పెడతారు. నాన్న కంప్యూటర్ ముందుకొచ్చారు. స్క్రీన్ మీద "ఆఫ్ చేయవద్దు" అని ఉంది. సగమే అయింది.

"పూజ చేసే వస్తువు ఆడతా ఉంటే ఎట్టా? దానికీ ఒక పూట రెస్ట్ ఉండద్దా?" అన్నారు.

గోడ మీద స్విచ్ టప్పున ఆపేశారు. దానికీ కుంకుమ పెట్టారు.

నేను పక్కనే ఉన్నాను. హారతి పళ్లెం పట్టుకుని, నోరు మూసుకుని.

మస్తానన్న తిరిగొచ్చేసరికి కంప్యూటర్ ఆగిపోయి ఉంది. ఇంటినిండా చుట్టాలు. "ఎవరన్నా ఆపినారా?" అని అడిగాడు. నాన్న నా వైపు చూశారు.

"కరెంట్ పోయిందన్నా" అన్నాను.

ఆయన గోడ వైపు చూశాడు. స్విచ్ ఇంకా ఆఫ్‌లోనే ఉంది, పచ్చి కుంకుమతో. తర్వాత నన్ను చూశాడు.

"సరేలే చెల్లెమ్మా. కరెంటే పోయుంటాది."

స్విచ్ వేసినా కంప్యూటర్ లేవలేదు. రెండు రోజులు కూర్చుని మళ్లీ అంతా ఎక్కించాడు. ఒక్క ఫోటో పోలేదు. ఈ పోస్ట్ టైప్ చేస్తున్నది కూడా దాని మీదే.

కానీ నాన్న అప్పటికే గ్రూపులో వాయిస్ మెసేజ్ పెట్టేశారు, మస్తాన్ మిషన్ చంపేశాడని. పండగ అయ్యాక హైస్కూల్ కంప్యూటర్ ల్యాబ్ పని ఆయనకే ఇద్దామని స్కూల్ కమిటీ అంతకుముందే అనుకుంది. ఎండలో తిరగకుండా ఒకచోట కుదురుగా ఉండే పని. ఆయన ఎన్నాళ్లుగానో కోరుకున్నది. కమిటీలో నాన్న కూడా ఉన్నారు.

పని వేరేవాళ్లకి పోయింది. వాళ్లొచ్చి అన్నీ పాతవేనన్నారు. ఆ కంప్యూటర్లు ఇప్పుడు స్కూల్ వరండాలో పావురాల రెట్టల కింద ఉన్నాయి. థూ!

నిన్న వాళ్లింటికి వెళ్లాను. జనాజా, అంటే పాడె, లేచే ముందు వాళ్లకో పద్ధతి ఉంది. పోయిన మనిషి వల్ల ఎవరికైనా తప్పు జరిగుంటే మాఫ్ చేయమని ఇంటివాళ్లు అందరినీ అడుగుతారు. బయట ఆయన తమ్ముడు మగవాళ్లని అడుగుతున్నాడు. లోపల ఆయన భార్య షంషాద్ వదిన నా రెండు చేతులూ పట్టుకుంది.

"మీ కంప్యూటర్ ఈయన చేతిలోనే చెడిపోయిందంట గదమ్మా. మనసులో పెట్టుకోబాక. మాఫ్ చేసినానని ఒక్క మాట చెప్పు తల్లీ."

స్విచ్ సంగతి భార్యకి కూడా చెప్పలేదు ఆ మనిషి.

నేనేం చేశానో తెలుసా? అంతమంది ఆడవాళ్ల మధ్య, ఏడుస్తూ, "మాఫ్ చేశాను వదినా" అన్నాను.

నా మీద నాకు ఎంత అసహ్యంగా ఉందో రాయలేను.

నాన్నా, ఇది నువ్వూ చదువుతావు. తిట్టుకో. ఇదే పోస్ట్ ఊరి గ్రూపులో కూడా పెడుతున్నాను. పువ్వులు పెట్టినవాళ్లంతా చదవండి. స్విచ్ ఆపింది మా నాన్న. అబద్ధం చెప్పింది నేను. ఇప్పుడే వదిన దగ్గరికి బయలుదేరుతున్నాను. ఆమె మాఫ్ చేస్తుందో లేదో తెలియదు. చేయకపోయినా న్యాయమే.

వెళ్లిరా అన్నా. నీ మీద మేం వేసిన నింద నీతో రానివ్వను. అల్లా నిన్ను చల్లగా చూడాలి.