మిద్దె మీద రెండు నల్లకుండలు

పోయిన నెల ఒక ఉదయం పులివెందుల నుంచి ఫోను వచ్చింది. మా పక్కింటి పెద్దాయన కూతురు. "అక్కా, నాయన లేడు. తెల్లారి నమాజు చదువుకుని పండుకున్నాడు, అంతే" అంది. ఫోను పెట్టేసి మిద్దె ఎక్కాను. పక్క మిద్దె మీద ముందొకటి, వెనకొకటి వెదురుకర్రలు. ఒక్కోదానికి ఒక్కో నల్లకుండ వేలాడుతోంది. అంతకు నాలుగు రోజుల ముందు కూతురింటికి పోతూ ఆయనే ఎగరేసి పోయాడు.

ఆ కుండల సంగతి చెప్పకుండా ఆయన గురించి చెప్పడం నాకు చేతకాదు.

మా ప్రొద్దుటూరులో సముద్రాన్ని ఒకసారి చూసొచ్చినవాళ్లే తక్కువ. ఆయన ఇరవై ఏండ్లకు పైగా సముద్రం మీదే ఉన్నాడు, అయినా ఏ దేశమూ చూడలేదు. ఆయన పనిచేసింది దీపనౌక మీద. కలకత్తా రేవుకు పోయే దోవలో, నది సముద్రంలో కలిసే చోట ఇసుకమేటలు జరుగుతూ ఉంటాయట. దీపస్తంభం కట్టడానికి గట్టి నేల దొరకదు. అందుకని ఎర్రరంగు వేసిన ఓడను లంగరేసి నిలబెట్టి, దాని మీద దీపం పెడతారు. వచ్చే పోయే ఓడలకు అదే గుర్తు. ఆ దీపం చూసుకోవడం ఈయన పని.

"ఓడెక్కి యాడికి పోయినావు మామా?" అని మా ఆయన గేలి చేసేవాడు.

"యాడికీ పోల్యా. పోకుండా ఉండేదానికే జీతమిచ్చినారప్పా."

ఒకసారి అందరం మైలవరం డ్యాం చూడబోయినప్పుడు, నీళ్ల ఒడ్డున బురదలో పుల్లతో లంగరు బొమ్మ గీశాడు. అచ్చం పుట్టగొడుగు. లాగేకొద్దీ ఇసుకలోకి దిగబడుతుందట. ఆయన పుట్టకముందు నాటి దీపనౌకల్లో నూనెదీపాలుండేవట. వాటిని స్తంభం మీద నుంచి కిందికి దించి, వత్తులు కత్తిరించి, మళ్లీ పైకి లాగేవారట. మన తీరరక్షక దళం మొదలైనప్పుడు నౌకాదళం రెండు పాత యుద్ధనౌకలిచ్చి పంపిందని చెప్పి, "కొత్తకాపురానికి అత్త పాతగిన్నెలిచ్చినట్ల" అని తానే ముందు నవ్వేవాడు.

దీపనౌకకు ఒక కట్టుబాటు ఉంది. గాలివానకు లంగరు జారి ఓడ తన చోటు నుంచి కదిలిందంటే, మామూలు దీపం వెలిగించకూడదు. పగలైతే ముందొకటి, వెనకొకటి నల్లగుండ్లు ఎగరేయాలి. మేం మా చోటులో లేము, మమ్మల్ని చూసి దారి పట్టొద్దు అని దానర్థం. పని మానుకుని ఇంటికొచ్చాక ఆయన ఆ కట్టుబాటును మిద్దె మీదికి తెచ్చుకున్నాడు. ఊర్లో లేకపోతే కుండలు పైకి, ఉంటే కిందికి.

"దిష్టికుండకు తెల్లచుక్కలు పెట్టల్యా?" అని కూరగాయలామె అడిగింది.

"దిష్టికి గాదు మ్మా. నీ గంప ఈడ దించే పనిలేదని."

రెండేండ్ల కిందట నాలుగు రోజులని చెప్పి పులివెందుల పోయాడు. నేను పాల లెక్క రాసుకునే క్యాలెండరులో నాలుగు గళ్లకూ ఒకేసారి గీత గీసి, ఆయన పాలు ఆపించాను. మూడో రోజు మా మిద్దె మీద బట్టలు ఆరేస్తూ చూస్తే కుండలు రెండూ పైనే ఉన్నాయి. కానీ ఆయన కిటికీ ఊచలకు తడితువాలు, ఇంకా నీళ్లు కారుతూ. ఇంట్లో లేని మనిషి తువాలు ఎట్లా తడుస్తుంది?

పరుగెత్తి తలుపు తోశాను. జ్వరంతో మంచానికి అతుక్కుపోయి ఉన్నాడు. ఒళ్లు వెచ్చబడితే ముందురోజే తిరిగొచ్చాడట. మిద్దె ఎక్కే ఓపిక లేక కుండలు దించకుండానే పండుకున్నాడు. ఫోను చార్జింగు అయిపోయింది. గ్యాసు అతను, కూరగాయలామె, అందరూ తలెత్తి చూసి తిరిగిపోయారు. నేనూ అంతే.

ఆసుపత్రిలో సెలైను ఎక్కుతుంటే కోపం ఆగలేదు. "ఒక్క కేక వేస్తే రానా మామా?"

"ఏసినా మ్మా. నా గొంతు వాకిలి దాటల్యా." మళ్లీ తనే, "తప్పు నీది గాదు. కుండలు అబద్ధం చెప్పినాయి. నేనీ తప్పు చేసేది రెండోతూరి" అన్నాడు.

మొదటిది అప్పుడే చెప్పాడు. గాలివాన వెలిసిన సాయంత్రం, ఓడ ఎక్కడుందో కొలతలు చూసేలోపే, రోజూ చేసే పనే కదా అని దీపం వెలిగించాడు. ఓడ అప్పటికే జారి ఉంది. ఒక సరుకుల పడవ ఆ దీపాన్ని నమ్మి వచ్చి ఇసుకమేట ఎక్కింది. పోటు వచ్చాక బయటపడింది, ఎవరికీ ఏమీ కాలేదు. మరుసటి రోజు ఆ పడవ సరంగు వచ్చాడట. "తిట్టింటే బాగుండు. దీపం లేకుంటే ఆడనే నిలబడుకుందుమే అన్నాడు. అంతే మ్మా."

ఇంటికొచ్చిన వారంలోనే కర్రలకు కప్పీలు వేయించి, తాళ్లు రెండూ వరండాలోకి దించుకున్నాడు. "నేను మంచం మీద ఉన్నా దించగల్ల ఇప్పుడు. నా చేత కాకుంటే నువ్వు దించాల, నువ్వే ఎగరేయాల" అని నాకు పని అప్పజెప్పాడు. నేను కూడా ఆ రోజు నుంచి క్యాలెండరులో రేపటి గీత ఈరోజు గీయడం మానేశాను. ఆయన దగ్గర నేర్చుకున్నవాటిలో నాకు రోజూ పనికొచ్చేది అదే.

మొన్న కూతురు సామాను సర్దడానికి వచ్చింది. వరండాలో తాళ్లు విప్పబోతూ, "కుండలు దించేద్దాం అక్కా, చూస్తాంటే ఏడుపొస్తాంది" అంది.

తాడు పట్టుకున్నాను. "మీ నాయన ఇంట్లో ఉన్నప్పుడు దించేవి మ్మా అవి. ఉండనీ. ఈ ఇంట్లోకి ఎవరైనా దిగిన రోజు నేనే దించుతా."

ఆ పిల్ల కొంగుతో కండ్లు తుడుచుకుని, తాడు నా చేతిలోనే వదిలేసింది.

వెనకవైపు తాడు పీలికలు లేచి ఉంటే, కొత్త నైలాను తాడు మార్చాను. ముడి రెండుసార్లు లాగి చూశాను. నిన్న మధ్యాహ్నం గ్యాసు అతను ఆయన వాకిలి ముందు బండి ఆపాడు. జమ్మలమడుగు వైపు నుంచి గాలి గట్టిగా వీస్తోంది, ముందు కుండ కర్ర మీద మెల్లగా ఊగుతోంది. అతను తలెత్తి చూశాడు. గంట నొక్కకుండా తర్వాతి ఇంటికి పోయాడు.