గుట్ట మీద వేసిన కేక

ఆ రోజుల్లో నాకు ఉద్యోగం కొత్త, ఉత్సాహం కొత్త, కోదాడలో కొన్న బూట్లు ఇంకా కొత్త. సూర్యాపేట ఆఫీసులో పొద్దంతా కుర్చీకి అతుక్కుని ఉండేవాణ్ణి కాబట్టి, నాగార్జున సాగర్ దగ్గర గుట్టలెక్కి దిగుతూ యాభై కిలోమీటర్లు పరుగెత్తే పోటీ ఉందనగానే పేరు ఇచ్చేశాను. ఇచ్చి ఊరుకున్నానా! సోమవారం మెడలో పతకంతోనే వస్తానని ఆఫీసంతా చాటాను. మా పెద్దసారు కళ్లజోడు పైనుంచి చూసి, “సగం కాడ ఆటో ఎక్కి రాకు బిడ్డా” అన్నాడు. దాంతో నా పట్టుదల పదింతలైంది. (తిరుమలగిరి పక్కన గొర్రెలు కాసే మా తాత రోజూ గుట్టలెక్కేవాడే. ఆయనకెవరూ పతకం ఇవ్వలేదు.)

పొద్దు పొడవగానే ఈల ఊదారు. సాయంత్రం నాలుగింటిలోపు చేరినవాళ్లకే పతకం. రాళ్లు, ముళ్లు, పైన ఎండ. ముప్పై కిలోమీటర్లకు బూట్లలో పాదాలు ఉడికిపోయాయి, నలభై దగ్గర నా పేరు నాకే గుర్తు రాలేదు. అయినా మూడింటికల్లా ఆఖరి గుట్ట ఎక్కేశాను! ఇక దిగడమే, చేతిలో ఇంకా గంట టైముంది. సంతోషం పట్టలేక గొంతు చించుకుని కేక పెట్టాను. మామూలు కేక అయితే బాగుండేది. గుట్టెక్కగానే వెనకబడ్డ మందను పిలవడం మా ఇంటి అలవాటు. సెలవుల్లో తాత వెంట తిరిగి నేర్చుకున్న ఆ “ట్రియ్యో... హో...” దానంతటదే నోట్లోంచి వచ్చేసింది.

పొదల వెనుక నలభై దాకా గొర్రెలు తలలెత్తాయి. నేను కిందికి పరుగెత్తాను. అవీ పరుగెత్తాయి, నా వెనకే! (ఆ చుట్టుపక్కల కాపరులదీ మా తాతదీ ఒకటే కేక అని అప్పుడే తెలిసింది.) వాటి వెనక కర్ర ఊపుకుంటూ ఒక పెద్దమ్మ.

“ఓ బనీనోడా! నా జీవాలను ఏడికి తోల్కపోతున్నవ్ రా, దొంగా!”

“దొంగను కాదు పెద్దమ్మా, ఉరుకుడు పోటీల ఉన్న!”

“ఉరికితే ఉరుకు, నా గొర్లనెందుకు ఉరికిస్తున్నవ్? ఎనక్కి తోలి పో!”

గడియారం చూసుకున్నాను, ఏడుపొచ్చింది. కానీ పరాయి మందను చెదరగొట్టి పోయానని తెలిస్తే తాత నాకు అన్నం పెట్టడు. వాటిని పిలుచుకుంటూ దిగిన గుట్టే మళ్లీ ఎక్కాను. పెద్దమ్మ ఒక్కొక్కదాన్నీ లెక్కబెట్టి (రెండుసార్లు!) “ఇగ పో” అన్నది.

అప్పుడు ఉరికాను చూడండి! బండల మీద దూకాను, ముళ్లకంపలో పడ్డాను, లేచాను, మళ్లీ ఉరికాను. గీత దాటేసరికి నాలుగు దాటి నాలుగు నిమిషాలు. “సారీ అన్నా” అంటూ ఒక అమ్మాయి పతకాల పెట్టె మూసేసింది. మిర్యాలగూడ బస్సెక్కి, కిటికీ పక్కన కూర్చుని నిజంగానే ఏడ్చాను. తాతకు ఫోన్ చేసి జరిగిందంతా చెప్పాను. ఆయన పతకం ఊసే ఎత్తలేదు.

“గొర్లన్నీ దొరికినయా?”

“దొరికినయ్ తాతా.”

“గొర్రెపిల్లలేమన్న కుంటుతున్నయా?”

“లేదు.”

“మరెందుకేడుస్తున్నవ్ రా?”

సోమవారం ఉత్త మెడతోనే ఆఫీసుకు పోయాను, పెద్దసారు వారం రోజులు నవ్వాడు. ఇప్పుడు రెండో అంతస్తు ఎక్కితేనే నాకు ఆయాసం. అటు మందను వదల్లేక, ఇటు పతకం మీద ఆశ చావక ఒకే గుట్టను రెండుసార్లు ఎక్కిన ఆ పిచ్చోణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది, కాస్త అసూయ కూడా పుడుతుంది.