సరస్వతి ఆకుకు పరీక్ష

అల్లూరు మందుల షాపులో సరస్వతి ఆకు మాత్రల సీసా చూడగానే మా అవ్వ గుర్తొచ్చింది. బోరింగు దగ్గర తడిలో పాకిన ఆ గుండ్రటి ఆకులు రెండు కోసి, రోజూ పొద్దున్నే నా నోట్లో పెట్టేది. చిరుచేదుగా ఉండేవి. సాయంత్రం బియ్యం చెరుగుతూ పాఠం ఒప్పజెప్పమనేది.

"ఆకు పనిచేస్తా ఉందో లేదో చూడాల. చెయ్యకపోతే పీకి పారేస్తా."

పరీక్ష ఆకుకే అనుకున్నాను. పాపం, దాన్ని ఎక్కడ పీకేస్తుందోనని ఎక్కాలు, పద్యాలు తప్పు పోకుండా చదివేదాన్ని. "గట్టి ఆకే!" అని అవ్వ మెచ్చుకుంటే, దాని తరఫున నేను పొంగిపోయేదాన్ని.

ఎంత గడుసుది మా అవ్వ!

సీసా తిప్పి చూశాను. రోజుకు రెండు అని ఉంది. సాయంత్రం ఎవరికి ఒప్పజెప్పాలో మాత్రం ఎక్కడా రాయలేదు.