మేడ మీది గది

మిర్యాలగూడలో నాతో కిరాయి గదిలో ఉన్న అమ్మాయి దయ్యాల నవలలు తెగ చదివేది. ఏ తలుపు మూసి ఉన్నా "గీడ ఏదో జరిగిందే!" అనేది. భార్య పోయి ఒంటరిగా ఉంటున్న ఇంటి ఓనరు తాత మేడ మీది గదికి ఎప్పుడూ తాళం వేసి ఉంచేవాడు. భార్యను ఆయనే చంపి ఉంటాడని ఆమె తేల్చేసింది.

ఒక మధ్యాహ్నం ఆ తలుపు తెరిచి ఉంటే ఆమె లోపలికి వెళ్లింది, వెనకే నేనూ. కుట్టుమిషను మీద సగం కుట్టిన జాకెట్టు ఉంది.

"ఏం సూస్తున్నరు బిడ్డా?" అంటూ తాత వచ్చాడు.

నేను అబద్ధం కోసం వెతుక్కుంటున్నాను. ఆమె మాత్రం తల దించుకుని, "అవ్వను నువ్వే ఏమన్న చేసినవనుకున్న తాతా. తప్పయింది," అంది.

తాత కోప్పడలేదు. "ఆర్నెల్లు దవాఖాన్లనే ఉన్నం బిడ్డా. దక్కలే," అన్నాడు.

"అవ్వ ఎట్లుండేది?" అని ఆమె మెల్లగా అడిగింది.

తాత గడప మీద కూర్చుని చెప్పడం మొదలుపెట్టాడు. తన తరఫున ఒక్క మాటా కల్పించకుండా ఆమె ఒక మనిషి కథ వినడం నేను చూసింది అదే మొదటిసారి.