టెండరులో రాసిన బావి

మా నాయన ఎన్ని రోడ్లు వేయించినా పెద్ద కాంట్రాక్టర్లు ఆయన్ను మేస్త్రీ అనే పిలిచేవాళ్లు. కంకర కొట్టించేది ఆయన, మొరం తోలించేది ఆయన, కూలి ఆలస్యమైతే తిట్లు తినేదీ ఆయనే. బిల్లు మాత్రం కడపలో మేడ మీద ఫ్యాను కింద కూర్చున్నాయన తీసుకునేవాడు. ఇదేం న్యాయమని నేను ఎస్సెల్సీ పాసై ఇంటికొచ్చిన రోజు నుంచీ ఎగిరేవాణ్ణి. నాకు మొదటినుంచీ నోరెక్కువ. దానికి నాలుగు ఇంగ్లీషు ముక్కలు తోడయ్యేసరికి నన్ను పట్టడం ఎవరి తరమూ కాలేదు.

ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి కర్నూలు రాజధాని అయిన కొత్త రోజులవి. డేరాల్లో ఆఫీసులు పెట్టుకున్న సర్కారు రోడ్లకు డబ్బులు మంజూరు చేస్తోందనీ, చిన్న పనులకు చిన్నవాళ్లు కూడా టెండరు వేయవచ్చనీ కడపలో విన్నాను. నాయన్ను వెంటబెట్టుకుని పోయి ఆయన పేరు కాంట్రాక్టర్ల పట్టీలో రాయించాను. టెండరు రాసే పని నాదే. మొదట వేసినవి పోయాయి. ఆ మేడ మీది ఆయన మా నాయనతో "ఏం మేస్త్రీ, కొడుకు చేత టెండర్లు రాయిస్తాండావంట! బడిపంతులు చేత బండి తోలించినట్టుండాదే" అన్నాడట. అది విని నాకు ఒళ్లు మండిపోయింది.

ఆ మంటతోనే ఎస్టిమేటు కాగితాలు ముందేసుకుని కూర్చున్నాను. సర్కారు వేసిన లెక్క కంటే నూటికి ఎంత తక్కువకు చేస్తామో చెప్పడమే టెండరు. ఎక్కడ తగ్గించాలో తెలియక నేను కూలిలో తగ్గించి రాస్తూ వచ్చాను. అసలు సంగతి నీళ్లు. కంకర పరిచి, దాని మీద మొరం పోసి, నీళ్లు బాగా కొట్టి, రోలరుతో తొక్కిస్తేనే రోడ్డు గట్టిపడుతుంది. మా సీమలో వేసవిలో నీళ్లంటే మాటలా? ఎంత దూరం నుంచి తెస్తే అంత ఖర్చు. పక్కనే నీళ్లున్నవాడు ధైర్యంగా రేటు తగ్గిస్తాడు, పని తెచ్చుకుంటాడు. ఇంతేనా అనిపించింది నాకు.

సరిగ్గా అప్పుడే మా ఊరి ముందు నుంచి కడపకు పోయే రోడ్డుకు టెండరు పిలిచారు. ఆ రోడ్డుకు కూతవేటు దూరంలో మా బావి. ఎంత వేసవిలోనూ అడుగంటని బావి. నా సంతోషానికి పట్టపగ్గాలు లేవు. నీటి వసతి గురించి వేరుగా ఒక కాగితం నిండా ఇంగ్లీషులో రాశాను. బావి మా స్వాధీనంలోనే ఉందనీ, పని అయ్యేదాకా ప్రతిరోజూ నీళ్లు తెగకుండా అందిస్తామనీ రాసి, లక్కతో సీలు వేసి పెట్టాను.

బావి మా ఒక్కరిదే కాదు. అందులో సగం మా పెద్దమ్మది. మా నాయన అన్న భార్య ఆమె. పెదనాయన పోయాడు, పిల్లల్లేరు. భూములు పంచుకున్నారు గానీ బావిని ఎట్లా పంచుకుంటారు? నీళ్లు వంతులు పెట్టుకున్నారు. ఒక దినం మాది, మరుసటి దినం ఆమెది. ఆమె దినాన కూడా మా ఎద్దులే కపిల లాగేవి, తోలు బానతో నీళ్లు చేది ఆమె చేలోకి వదిలేవి. ఆ చేనులో ఆమె చీనీ చెట్లు, బత్తాయి అంటారే అవి, పెట్టింది. కోడూరు నుంచి అంట్లు తెప్పించుకుని, పాదులు స్వయంగా తీసి, బిడ్డల్ని సాకినట్టు సాకింది. మరుసటి ఏడు కాపుకొస్తాయని చూస్తోంది. అవి కాస్తే మరిది ఇంటి ముద్దకు చేయి చాపకుండా బతకవచ్చునని ఆమె ఆశ. ఆ మాట నాకు ఆమే చెప్పింది. తెలిసే రాశాను నేను.

"మీ పెద్దమ్మను అడిగినావా?" అన్నాడు నాయన, టెండరు పెట్టి వచ్చిన రోజు.

"అడిగినా. సరే అనింది" అన్నాను.

అబద్ధం. వస్తుందో రాదో తెలియని పనికి ముందే అడగడం ఎందుకులే అనుకున్నాను. పని మాకే వచ్చింది. నాయన గుడి మెట్లెక్కి టెంకాయ కొట్టి వచ్చాడు. ఆ రోజు ఆయన నడకే మారిపోయింది. నేను మాత్రం పెద్దమ్మ చేనుకు పరుగెత్తాను.

ఆమె పాదుల్లో ఎండుటాకు పరుస్తోంది. సంగతి చెప్పగానే పార పక్కన పెట్టింది.

"శానా సంతోషం నాయినా! మీ నాయన ఇంక ఒకని కింద చెయ్యాల్సిన పని లేదు."

"నీళ్లు కావల్ల పెద్దమ్మా. రోడ్డు అయ్యేదాకా నీ వంతు కూడా మాకియ్యి. వానలు పడినాక మా వంతులన్నీ నీకే. ఒకటికి రెండు బదులు పెట్టుకో."

మా దిక్కున నీటి వంతును ఎవరూ అమ్ముకోరు. బదులు ఇచ్చుకుంటారు, తీసుకుంటారు. అడిగినవాడికి లేదనడం పాపమనుకుంటారు. ఆ మర్యాద ఆసరా చేసుకునే నేను అడిగింది. వేసవిలో తీసుకున్న నీళ్లకు వానల్లో బదులేమిటి? ఆకాశమే ధార పోస్తున్నప్పుడు నా వంతు ఎవరికి కావాలి? ఇంత చిన్న సంగతి, ఎస్టిమేటును అరగదీసి చదివిన ఈ మొనగాడికి తట్టలేదు.

"ఎండలు ముదురుతాండాయి కదా నాయినా. చెట్లు తట్టుకుంటాయా?" అంది.

"వారానికొక దినం చెట్లకు వదుల్తాం. నా మాట."

"మీ నాయన అడగమన్నాడా?"

"ఆఁ."

అదీ అబద్ధమే. ఆమె చెట్లకేసి చూసి, "సరే, తీసుకోండి" అంది.

మొదటి వారం మాట నిలబెట్టుకున్నాను. తర్వాత రోలరు వచ్చింది. రోలరు సర్కారుది, దాని తేదీలు దానివి. వచ్చిందంటే పెండ్లికొడుకు వచ్చినట్టే, అన్నీ దాని ముందు సిద్ధంగా ఉండాలి. నీళ్లు లేక అది నిలబడిపోతే జరిమానా మాకు. పెద్దమ్మ దినం వచ్చినప్పుడల్లా రేపు, ఎల్లుండి అంటూ తోసేశాను. బండ్ల మీద పీపాలు నింపుకుని రోడ్డు మీదికి తోలుతూనే ఉన్నాను. నాయన రోడ్డు అవతలి చివర కంకర దగ్గర ఉండేవాడు, చేను వైపు చూసే తీరిక ఆయనకు లేదు.

పెద్దమ్మ ఒక్క మాట అడగలేదు. ఊళ్లో తాగే నీళ్ల బావి నుంచి కడవ చంకనెత్తుకుని చీనీ చెట్లకు మోయడం మొదలుపెట్టింది. చేనుకు దారి మా రోడ్డు మీదుగానే. ఒకరోజు ఎదురుగా వస్తుంటే చూసి, తేలు కుట్టిన దొంగలా పీపా బండి వెనక నక్కాను. ఆమె చెమట తుడుచుకుంటూ ఆగి, నీళ్లు కొడుతున్న కూలీలతో "బాగా కొట్టండ్రా, మావాని మొదటి రోడ్డు ఇది, మాట రాకూడదు" అంది. బండి చక్రం పట్టుకుని అట్లాగే నిలబడ్డాను. ఆమె వెనక పరుగెత్తి కడవ అందుకోవచ్చు. నేను ఖాళీ పీపాలు తీసుకుని బావి దిక్కు పోయాను.

చివరికి నాయన కంట పడింది. కడవ మోస్తున్న వదినను చూసి ఆమె వెంబడే చేనుకు పోయాడు. నేనూ పోయాను, పోక తప్పలేదు. ఆకులు ముడుచుకుని, కొమ్మలు పుల్లలై ఉన్నాయి. నాయన ఒక కొమ్మ వంచితే పుటుక్కున విరిగింది.

"ఏంది వదినా ఇది? టెండరు పెట్టకముందే నువ్వు సరే అన్న్యావని చెప్పినాడే వీడు! చెట్లకు నీళ్లు చాలవని ఒక్క మాట నాకు చెప్పకూడదా?"

ఆమె నా మొహం చూసింది. అప్పుడు తెలిసింది ఆమెకు, ఆమెను అడగకముందే నేను ఏమి రాశానో, నాయనకు ఏమి చెప్పానో. భూమి చీలితే బాగుండుననిపించింది.

"అవునప్పా, ముందే అన్న్యాను" అంది పెద్దమ్మ. "పిల్లోడు వారానికొక దినం వదుల్తానన్న్యాడు. నేనే వద్దన్న్యా. రోలరు నిలబడితే మీకు నష్టం కదా."

నన్ను తిట్టి ఉంటే భరించేవాణ్ణి. రెండు చెంపలూ వాయించి ఉంటే ఇంకా బాగుండేది. నాయన ఎదుట నా పరువు కాపాడడానికి ఆమె నా అబద్ధాన్ని తన నెత్తిన వేసుకుంది. అంత పెద్ద నోరు నాది, ఆ పూట పెగలలేదు.

నాయన ఆ క్షణమే పీపా బండ్లు ఆపించి, కపిల తోలించి, నీళ్లన్నీ చీనీ పాదులకు మళ్లించాడు. రోలరు నిలబడిపోయింది, జరిమానా పడింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టయింది. ఆ చెట్లలో ఒక్కటీ చిగురు వేయలేదు.

రోడ్డు మాత్రం బాగా వచ్చింది. ఇంజనీరు జీపులోంచి దిగి మడమతో తన్ని చూశాడు. "నీటి వసతి గురించి అంత వివరంగా రాసినవాళ్లు లేరయ్యా, అందుకే మీకిచ్చినాము" అని నా భుజం తట్టాడు. నాయన పొంగిపోయాడు. నాకు ఆ చేతిని విదిలించుకోవాలనిపించింది.

వానలు పడ్డాయి. మాట ప్రకారం మా వంతులు ఇస్తానని పెద్దమ్మ ఇంటికి పోయాను. "బాయి అంచు తాకుతాండాది నాయినా, ఇప్పుడు నీళ్లు ఎవరిక్కావల్ల?" అని నవ్వింది. ఆమె చేనులో కొర్ర విత్తింది, చీనీ మొదళ్లు వంటచెరకైపోయాయి. ఏ పండగకు మా ఇంటికి రమ్మన్నా ఇంతకుముందు ఏదో సాకు చెప్పి తప్పించుకునేది. ఆ ఏడు పిలవకుండానే వచ్చి మా అమ్మతో పాటు వంటింట్లో కూర్చోసాగింది. అన్నం పెట్టించుకునేటప్పుడు ఎవరినీ చూడకుండా విస్తరి వైపే చూసేది.

మళ్లీ ఎండలు వచ్చాయి. ఆ రోడ్డుకే తరువాయి ముక్కకు టెండరు పిలిచారు. ఈసారి బావి మాట ఎత్తకూడదనుకున్నాను. దూరాన వంకలో చెలమలు తీయించి నీళ్లు తెస్తామని రాయబోయాను. ఆ లెక్కన రేటు పెరుగుతుంది, పని రాదు. రాకపోతే పోనీ అనుకుంటూ వసారాలో కాగితాలు పరుచుకుని కూర్చున్నాను. పెద్దమ్మ వచ్చి నా పక్కన చతికిలబడింది.

"టెండరు రాస్తాండావా?"

"ఆఁ పెద్దమ్మా."

"నా వంతు కూడా రాసుకో నాయినా. పోయిన తూరి మాదిరి గాబరా పడొద్దు, ముందే చెప్తాండా. దినాము మీరే తోడుకోండి."

"వద్దులే పెద్దమ్మా..."

"వద్దెందుకు? చెట్లు లేవు కదా, నాకింక నీళ్లతో ఏం పని?"

ఆ గొంతులో ఎత్తిపొడుపు కోసం వెతికాను. లేదు. నిజంగానే సాయం చేద్దామని వచ్చింది. నేను కలం పట్టుకుని తల వంచుకున్నాను.

"రాయి నాయినా, సిగ్గెందుకు" అంది.

రాశాను. ఆ పని కూడా మాకే వచ్చింది.