కిటికీ పత్రిక

చెన్నకేశవ సారు బడి పత్రికను చదవడు, కొలుస్తాడు. ప్రొద్దుటూరులో ఓ హాస్టలు బడికి తెలుగు సారు ఆయన. జేబులో పెన్ను మరిచినా మరుస్తాడు గానీ చెక్క స్కేలు లేకుండా గడప దాటడు. పులివెందుల నుంచి, జమ్మలమడుగు నుంచి, ఆఖరికి చాపాడు నుంచి ఏ బడి పత్రిక వచ్చినా బల్ల మీద పరిచి, కళ్ళజోడు నెత్తికెక్కించి కొలతకు దిగేవాడు. ఈ శాస్త్రానికి ఏకైక శ్రోత మహబూబ్ బాషా. పారిపోదామన్నా కుదరదు, ఆ బడి పత్రికకు ఫోటోలు తీసేది అతనే.

"చూడు బాషా, నాయకుని ఫోటో ఆరంగుళాలు. దాంట్లో మీసమే ఒకటిన్నర. హెడ్మాస్టరు రెండంగుళాలు. మరి పిల్లోళ్ళు యాడుండారు?"

"ఈడ సారూ, పందిరి గుంజ ఎనకాల."

"అది ఆవగింజ కదప్పా! ఇంగ భాష చూడు. 'తమ అమూల్యమైన సమయాన్ని వెచ్చించి' అని ఏడుసార్లు ఉండాది. అంత అమూల్యమైతే ఆయప్ప మూడు గంటలు ఆలస్యంగా ఎందుకొచ్చినాడు?"

ఎన్నికల ఏడు రెండు పార్టీల వాళ్ళూ తమ నాయకుల ఫోటోలు పంపితే, సారు ఇద్దరినీ స్కేలు పెట్టి సమానంగా తపాలా బిళ్ళంత చేసి వేశాడు. తిట్టడానికి రెండు పార్టీల వాళ్ళూ ఒకే జీపులో వచ్చారు. వాళ్ళు ఒకే జీపు ఎక్కడం ఊరు చూసింది ఆ ఒక్కసారే.

ఇదంతా బాషా భరించాడు. భరించలేనిది సారు సొంత పత్రిక. అందులో పిల్లల ఇంటిపేరు ఉండదు, తండ్రి పేరు ఉండదు, ఊరు ఉండదు. ఫోటోలు వెనక నుంచే తీయాలి.

"పదేండ్లుగా స్టూడియోలో 'నవ్వండి' అని చెప్తాండా సారూ. వీపుకు ఏమని చెప్పాల?"

"నిటారుగా నిలబడమని చెప్పు. మొగం అబద్ధమాడ్తాది బాషా, వీపు ఆడదు."

ఆ మాట సారుకు సులువే, తల్లులకు జవాబు చెప్పాల్సింది బాషా. వీరపునాయునిపల్లె సంజీవమ్మ, కొడుక్కు వ్యాసరచనలో బహుమతి వచ్చిందని పత్రిక పట్టుకుని స్టూడియోకు వచ్చింది.

"నూనె పెట్టిన తలకాయలు తొమ్మిదుండాయి. దీంట్లో నా కొడుకు ఏదప్పా?"

"రెండు సుడులుండే తలకాయ చూడు తల్లీ, అదే."

"అయ్యో, రెండు సుడులుంటే రెండు పెండ్లిండ్లంటారే!" అంటూ ఆమె బహుమతి సంగతే మరిచిపోయి దిగులుగా వెళ్ళింది.

అట్లాంటి రోజుల్లో వనజ పరుగుపందెం గెలిచింది. పదేళ్ళ పిల్ల, ముందు పన్ను సగం విరిగింది. రిబ్బను గుండెకు తగిలిన క్షణాన ఆ పిల్ల నవ్వింది, బాషా మీట నొక్కాడు. జన్మలో అంత మంచి ఫోటో అతని చేతికి రాలేదు. సారుకు చూపించకుండా నేరుగా ప్రెస్సుకు తీసుకెళ్ళి, కింద ఇంటిపేరుతో సహా మొదటి పేజీలో వేయించాడు.

కట్టలు బడికి వచ్చాయి. సారు పత్రిక విప్పాడు. ముఖం పాలిపోయింది. స్కేలు తీసి ఫోటో పక్కన పెట్టాడు.

"ఎడమ మార్జిను ఒక గీత ఎక్కువ" అని కత్తెర అందుకున్నాడు.

మూడు వందల పత్రికల్లో ఫోటోనూ పేరునూ తన చేత్తోనే కత్తిరించాడు. వేళ్ళు బొబ్బలెక్కాయి.

"ఒక్క గీతకా సారూ?" బాషాకు ఏడుపొక్కటే తక్కువ.

"గీత గీతే" అన్నాడు సారు, తలెత్తకుండా.

మధ్యలో తూటుతో పత్రిక ఊళ్ళోకి పోయింది. జనం దానికి కిటికీ పత్రిక అని పేరు పెట్టారు. క్షౌరశాలలో వరస కోసం కూర్చున్న వాళ్ళు అందులోంచి వీధి చూసి కాలక్షేపం చేశారు. బాషా సారుతో నెల రోజులు మాట్లాడలేదు.

ఒక పొద్దున స్టూడియో ముందు జీపు ఆగింది. తెల్లబట్టల మనిషి దిగి, నూనె మరకల కాగితం ఒకటి విప్పాడు. బజ్జీలు చుట్టిచ్చిన కిటికీ పత్రిక.

"ఈ తూటులో ఉండింది పదేండ్ల పాపనా?"

తన ఫోటో గురించి ఇన్నాళ్ళకు అడిగేవాడు దొరికాడని బాషా నోరు తెరవబోయి, "బంధువులా సామీ?" అన్నాడు.

"బంధువులే. వాళ్ళ నాయన రెండేండ్లుగా మాకు దొరకడంల్యా. పాప యాడుందో తెలిస్తే చాలు, చూడనీకి ఆయప్పే వస్తాడు."

జీపులో ఇంకో ఇద్దరున్నారు. వాళ్ళ కాళ్ళ కింద గోనెపట్టా కప్పిన పొడవాటి పిడులేవో ఉన్నాయి. బాషా తెరిచిన నోరు మూసుకుని, బడి ఆల్బం తెచ్చి ముందు పెట్టాడు.

ఆ మనిషి పేజీలు తిప్పాడు. వీపు. వీపు. జడ. సుడి. మళ్ళీ వీపు.

"ఈ బడి పిల్లోళ్ళకు మొగాలు ల్యావా?"

"సారుకు పిచ్చి సామీ, ఊర్లో ఎవురినైనా అడుగు. ఆ తూటులో ఉండిందీ వీపే. వంకరగా పడిందని కత్తిరించినాడు."

ఆ మనిషి కాగితాన్ని ఉండచుట్టి పారేసి జీపెక్కాడు. జీపు మలుపు తిరిగాక బాషా తాళం వేసి, సైకిలు మీద బడికి పోయాడు. సారు పులివెందుల పత్రిక కొలుస్తున్నాడు.

"అట్లా పగలకు భయపడి ఈడ దాచిన పిల్లోళ్ళు ఎంతమంది సారూ?"

స్కేలు కదలలేదు. "పదకొండు మంది. ఆ పక్కోళ్ళు ఆరు, ఈ పక్కోళ్ళు ఐదు. ఒకరి కంచంలో ఇంకొకరు తింటారు. ఎవురు ఎవురో వాళ్ళకు తెలీదు, తెలియాల్సిన పనీ ల్యా. బడి పత్రిక బడిలో ఉండదు బాషా. బజ్జీలు చుట్టుకోని యాడికైనా పోతాది."

"ముందే చెప్పుంటే నేను వేయిస్తానా?"

"చెప్పినా కదా, ఎడమ మార్జిను ఎక్కువని."

బాషాకు నవ్వొచ్చింది, సారు బొబ్బల వేళ్ళు గుర్తొచ్చి కాళ్ళకు దండం పెట్టాలనీ అనిపించింది. రెండూ చేయలేక, వెళ్ళి ఏడో తరగతి వీపులను శ్రద్ధగా ఫోటో తీశాడు.

పన్నెండేళ్ళు గడిచాయి. జీపులు తుప్పుపట్టాయి, పెద్దలు రాజీపడ్డారు. సారు రిటైరయిన రోజు పదకొండు మందీ వచ్చారు. జమ్మలమడుగులో ఆటల టీచరుగా ఉన్న వనజ కూడా వచ్చింది. ఫోటో అనగానే పాత అలవాటుగా కెమెరాకు వీపులు పెట్టి వరసగా నిలబడ్డారు.

"ఇంగ తిరగండి" అన్నాడు సారు.

తిరిగారు. "సారూ, మీరు నాతట్టు చూడాల" అని బాషా అరిచాడు. సారు వినిపించుకుంటేగా! వాళ్ళ ఎదుట నిలబడి ఒక్కో ముఖమే చూస్తున్నాడు. బాషా పిలిచి పిలిచి, విసిగి, మీట నొక్కాడు.

ఫోటోలో పదకొండు ముఖాలూ పడ్డాయి, సగం పన్నుతో సహా. మధ్యలో సారుది మాత్రం వీపు. సారు దాన్ని బల్ల మీద పెట్టి స్కేలు ఆనించాడు.

"ఎడమ మార్జిను ఒక గీత ఎక్కువ బాషా."

"కత్తెర ఇయ్యమంటారా?"

సారు స్కేలు జేబులో పెట్టుకున్నాడు. "ఉండనీలే."